ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ లీక్: చుక్క రాలే చోటు వేరు, పుట్టే చోటు వేరు

కారు కింద ఎర్ర మరక కనిపిస్తే చాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) గ్యాస్కెట్ మారుస్తారు. పది రోజులకు మరక మళ్లీ వస్తుంది. ఈసారి చక్రాలకు వెళ్లే షాఫ్ట్ దగ్గరి యాక్సిల్ సీల్ మారుస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ అదే మరక. బండి నడుస్తుంటే గాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది, అది జారుతూ జారుతూ చాంబర్ అంచుకు చేరి బోల్టు తలల మీద నుంచి రాలుతుంది. అక్కడ తడి ఉంది కాబట్టి తప్పు గ్యాస్కెట్‌దే అనుకుంటారు. అసలు దొంగ సాధారణంగా ఆ తడికి పైన, ముందు వైపున ఉంటాడు.

విప్పే ముందు కారేది ఏమిటో తేల్చుకోండి. రాత్రి కారు కింద తెల్ల అట్ట పరచి, ముందు చక్రాల స్థానం దాని మీద గీసి ఉంచండి. మే నెలలో హైదరాబాద్‌లో కారు కింద కనిపించే తడిలో ఎక్కువ భాగం ఏసీ నీళ్లే. ఎరుపు అయితే గేర్‌బాక్స్ ఆయిల్ కావచ్చు. కానీ కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్‌లోనూ అదే ఆయిల్ పోస్తారు, కొన్ని సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఆయిళ్లు అసలు ఎర్రగానే ఉండవు, పాతబడిన ఆయిల్ గోధుమ రంగుకు తిరుగుతుంది. గులాబీ రంగు కూలెంట్‌తో పొరబడకుండా ఒక చుక్కను గ్లాసు నీళ్లలో వేయండి. కూలెంట్ కలిసిపోతుంది, ఆయిల్ పైన తేలుతుంది.

ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా కనిపిస్తే లోపలికి నీళ్లు చేరాయి. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డులో మునిగినప్పుడు బ్రీదర్ (గేర్‌బాక్స్ గాలి పీల్చే రంధ్రం) గుండా వెళ్లి ఉండాలి, లేదా రేడియేటర్‌లో ఉండే ఆయిల్ కూలర్ లోపల చిల్లి పడి ఉండాలి. అప్పుడిక స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండి పిలవడమే. ఇక మీది ఏఎంటీ అయితే ఇక్కడ చెప్పేవి చాలావరకు వర్తించవు. అందులో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్, గేర్లు మాత్రం యంత్రం మారుస్తుంది. దానికి టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉండదు.

ఎక్కడ కారుతోందని వెతికే ముందు ఎప్పుడు కారుతోందో వారం రోజులు గమనించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

రోజూ తిప్పినంత కాలం పొడిగా ఉండి, నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మరక ఉందంటే, టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ మెల్లగా చాంబర్‌లోకి దిగిపోతున్నదేమో చూడండి. అలా దిగితే లోపల మట్టం పెరిగి, మామూలుగా ఆయిల్ తగలని గేర్ సెలెక్టర్ షాఫ్ట్ సీల్ దాకా వస్తుంది. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కాక ఆగిపోతే ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీల్) గట్టిపడి ఉండవచ్చు. వేడికి కాస్త ఉబ్బి మూసుకుంటుంది, చల్లారితే మళ్లీ వదులవుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడే కారితే ముందు ఆయిల్ కూలర్‌కు వెళ్లే హోస్‌లు చూడాలి. రబ్బరు, ఇనుప పైపు కలిసేచోట నొక్కిన క్లిప్ దగ్గర వేలితో తడిమితే తెలుస్తుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద దూరం పోయి వచ్చాకే కనిపిస్తే, ఆయిల్ ఎక్కువై నురగ కట్టి బ్రీదర్ నుంచి పొంగుతుండవచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద నిలిపే బండి అయితే రెండు రోజులు ముక్కు పైకి, రెండు రోజులు ముక్కు కిందికి పెట్టి చూడండి. ఏ వాలులో కారుతోందో ఆ పల్లం వైపు సీల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

మట్టం చూడటంలోనే హైదరాబాద్‌లో పెద్ద పొరపాటు జరుగుతుంది. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లలో చాలావాటికి ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు లెవెల్ ప్లగ్ (మట్టం చూసే బిరడా) తీసి చూడాలి (మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది). మే మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో ఆ వేడి స్టార్ట్ చేయకముందే దాటి ఉండవచ్చు. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి తక్కువ ఉన్నా నిండుగా కనిపిస్తుంది. ఈ పని పొద్దున్నే, బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, నాలుగు చక్రాలూ సమంగా ఉన్న లిఫ్ట్ మీదే చేయించాలి. జాక్ మీద ఒక పక్క లేపి చూసిన మట్టానికి అర్థం లేదు. కేవలం జాక్ ఆధారంగా బండి కిందికి దూరడం అంతకంటే తప్పు, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఇప్పుడు కడగాలి. ఇది దాటేసినవాళ్లే ఆ సీలూ ఈ సీలూ మారుస్తూ పోతారు. డీగ్రీజర్, బ్రష్, చివర బ్రేక్ క్లీనర్‌తో గేర్‌బాక్స్‌ను, దాని కింద ఉండే సబ్‌ఫ్రేమ్ అనే ఇనుప చట్రాన్నీ కడిగి ఆరబెట్టండి. సబ్‌ఫ్రేమ్ సందుల్లో నిలిచిన పాత ఆయిల్ వారం రోజులు కారుతూనే ఉంటుంది, దాన్ని చూసి కొత్త లీకనుకుంటారు. ఎలక్ట్రికల్ కనెక్టర్ల మీదికి ప్రెషర్ నీళ్లు కొట్టవద్దు. చల్లారి ఆరాక టాల్కమ్ పౌడర్ పలుచగా చల్లి, 15 కిలోమీటర్లు తిప్పి, టార్చ్‌తో చూడండి. తెల్ల పొర మీద తడి గీత ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది.

పౌడర్‌తో తేలకపోతే యూవీ డై, అంటే అతినీలలోహిత వెలుగులో మెరిసే రంగు. గేర్‌బాక్స్ ఆయిల్‌కు పనికొచ్చేదే, సీసా మీద రాసిన మోతాదులో పోసి, 30 - 50 కిలోమీటర్లు నడిపి, చీకట్లో యూవీ టార్చ్, పసుపు కళ్లద్దాలతో వెతకాలి. డై పోసేటప్పుడు ఒలికితే ఆ మెరుపే దారి తప్పిస్తుంది, మళ్లీ తుడవండి.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే బెల్‌హౌసింగ్ అడుగున తడి ఉంటే మాత్రం డై చాలా విలువైనది. అది ఇంజిన్ వెనుక సీల్‌దా, గేర్‌బాక్స్ పంప్ సీల్‌దా అన్నది బయటి నుంచి కనపడదు. డై గేర్‌బాక్స్‌లోనే పోసి, అక్కడి తడి మెరిస్తే గేర్‌బాక్స్ దించాలి, మెరవకపోతే ఇంజిన్ వైపు చూడాలి. దించినప్పుడు సీల్ ఒక్కటే మార్చి బిగిస్తే మళ్లీ దించాల్సి రావచ్చు. సీల్ కూర్చునే కన్వర్టర్ మెడ మీద గోరు తట్టేంత గాడి పడి ఉన్నా, లోపలి బుష్ అరిగి మెడ ఊగుతున్నా కొత్త సీల్ నిలవదు. పంప్ చుట్టూ ఉండే ఓ-రింగ్ కూడా అప్పుడే మార్చాలి.

యాక్సిల్ సీల్‌కూ ఇదే సూత్రం, షాఫ్ట్ సీల్‌ను రాసుకునే చోట గాడి చూడండి. సీల్ రాణిగంజ్ విడిభాగాల బజారులో కొలత చెప్పి తెచ్చుకుంటే కొలతతో పాటు రబ్బరు రకమూ అడగండి. మామూలు నైట్రైల్ 100 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలెడుతుంది, పాలీయాక్రిలేట్ దాదాపు 150 దాకా ఓరుస్తుంది. కొన్ని సీళ్ల మీద తిరిగే దిక్కుకు బాణం గుర్తుంటుంది, అలాంటివాటిలో కుడి, ఎడమ వేరు.

నిజంగా గ్యాస్కెట్ వంతే వచ్చినప్పుడు, కొత్తది వేసేముందు చాంబర్ అంచు మీద స్టీల్ స్కేలు ఆనించండి. గతంలో ఎవరో లాగి బిగించి ఉంటే బోల్టు రంధ్రాల చుట్టూ రేకు వంగి ఉంటుంది, చెక్క ముక్క మీద పెట్టి సుత్తితో సమం చేయాలి. చాలా బండ్లలో ఈ బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే కావాలి. టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు బోల్టులు మార్చుకుంటూ బిగించాలి. రబ్బరు గ్యాస్కెట్‌కు సీలెంట్ పేస్ట్ పూస్తే అది జారి బయటికొస్తుంది, ఊడిన ముక్క లోపల పడితే ఫిల్టర్‌కు అడ్డం. లీక్ ఆపే మందులూ అంతే, సీళ్లను ఉబ్బించి కొద్దికాలం గడుపుతాయి, బండి అమ్మేసేవాళ్లకు ముద్దు.

దించిన ఆయిల్‌ను కొలత పాత్రలో పట్టండి. అంతే కొత్తది పోసి, చివర మట్టం పైన చెప్పిన పొద్దుటి పద్ధతిలోనే సరిచూడండి. డై మరకలు కడిగి, 200 కిలోమీటర్ల తర్వాత అదే యూవీ టార్చ్ మరోసారి వేయండి.