మోటర్‌హోమ్ టైర్లు: అరుగుదల చూసి కారణం పట్టడం, సరిచేయడం

కారు టైరు మార్చాలో వద్దో ట్రెడ్ (నేలకి ఆనే గాడుల భాగం) చూస్తే తెలిసిపోతుంది. లోపలే పడకలు, వంటగది ఉండే మోటర్‌హోమ్‌కి ఆ లెక్క సరిపోదు. అమెరికాలో ఈ బండి కొనుక్కున్నవాళ్ళు పిల్లల సెలవుల్లోనో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో బయటికి తీస్తారు. మిగతా రోజుల్లో అది నిండు బరువుతో ఎండలో నిలబడే ఉంటుంది. అందుకే ట్రెడ్ నిండుగా ఉండగానే రబ్బరు ముసలిదైపోతుంది. అలా కాకుండా ట్రెడ్ త్వరగా అరుగుతోందంటే బరువులోనో, గాలిలోనో, ఎలైన్‌మెంట్‌లోనో (చక్రాలు నిలబడే కోణం) తేడా ఉందని అర్థం. ఆ తేడా పట్టకుండా కొత్త టైర్లు వేయిస్తే అవి కూడా అదే దారిన పోతాయి.

ఎక్కువ కుటుంబాలు కొనేదీ, అద్దెకు తీసుకునేదీ ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ (ఇంజను, చక్రాలున్న కింది చట్రం) మీద కట్టిన క్లాస్ సీ (మధ్య సైజు మోటర్‌హోమ్) బండి కాబట్టి ఉదాహరణలు దాని నుంచే ఇస్తున్నాను.

ట్రెడ్ బాగుంది, సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద పగుళ్ళు కనిపిస్తున్నాయి

కారణం ఎండ, గాలిలోని ఓజోన్, బండి కదలకపోవడం. రబ్బరును కాపాడే మైనం లాంటి పదార్థాలను టైరు తయారీలోనే కలుపుతారు. చక్రం తిరుగుతూ టైరు వంగుతూ లేస్తూ ఉంటేనే అవి పైకి వచ్చి పొరలా పరుచుకుంటాయి. నెలల తరబడి ఆగిన బండికి ఆ రక్షణ అందదు.

ముందు టైరు వయసు చూడండి. సైడ్‌వాల్ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలే తయారీ తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. బయటి వైపు ఆ నాలుగు అంకెలు కనిపించకపోతే లోపలి వైపు ఉంటాయి, టార్చ్‌లైట్ తీసుకుని బండి కింద నుంచి చూడాల్సిందే. అద్దె బండి తీసుకునేటప్పుడు కూడా తాళం చేతికి రాగానే ఈ పని చేయండి. పాతవైతే వేరే బండి అడగడానికి మొహమాటపడకండి.

వెంట్రుక మందం పగుళ్ళయితే గమనిస్తూ ఉండొచ్చు. పగులులో గోరు దిగుతున్నా, లోపలి దారాలు కనిపించినా టైరు తీసేయాలి. ఐదేళ్ళు దాటాక ఏటా నిపుణులతో పరీక్ష చేయించాలనీ, ఎలా కనిపించినా పదేళ్ళకి తీసేయాలనీ మిషెలిన్ చెబుతుంది. టెక్సస్, ఆరిజోనా ఎండల్లో ఉండే బండికి నేనైతే ఏడేళ్ళకి మించి ఆగమని చెప్పను. ముందు టైరు హైవే మీద పేలితే స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళ చేతిలో ఉండేది చాలా తక్కువ.

ఆపి ఉంచినప్పుడు టైర్లకి తెల్ల కవర్లు తొడగండి. మెరుపు కోసం పెట్రోలియం కలిసిన స్ప్రేలు కొట్టకండి, అవి రక్షణ పొరను కరిగించేస్తాయి. బండిని లెవల్ చేయడానికి చెక్క పెడితే టైరు అడుగు మొత్తం దాని మీద ఆనాలి. వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లు జతగా ఉంటాయి, ఆ జతలో ఒక టైరే చెక్క మీద ఉంటే బరువంతా దాని మీదే పడుతుంది.

రెండు అంచులూ అరిగి, మధ్య భాగం నిండుగా ఉంది

గాలి తక్కువైంది, లేదా బరువు ఎక్కువైంది. రెండింటి ఫలితం ఒకటే. టైరు పక్కలు అతిగా వంగి లోపల వేడి పుడుతుంది. టైరు పేలడానికి అసలు కారణం చాలాసార్లు ఈ వేడే.

ఒక్క లెక్క చూడండి. ఈ-450కి సాధారణంగా వచ్చే ఎల్‌టీ 225/75 ఆర్16 సైజు టైరు (లోడ్ రేంజ్ ‘ఈ’, అంటే ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం) 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర విడిగా 2,680 పౌండ్లు, జతలో 2,470 పౌండ్లు మోస్తుంది. వెనక నాలుగూ కలిపి 9,880. చాలా మోడళ్ళలో వెనక ఆక్సిల్ (చక్రాల ఇరుసు) మోయగల పరిమితే 9,600. అంటే పూర్తిగా నింపిన బండిలో మిగులు 280 పౌండ్లు మాత్రమే, అదీ గాలి పూర్తిగా ఉన్నప్పుడు. ఒక గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 330 పౌండ్లు దాటుతుంది. దానికి మన బియ్యం సంచీ, కుక్కర్లు, మిక్సీ, నలుగురి సూట్‌కేసులు కలపండి.

కాబట్టి ముందు బండిని తూకం వేయించాలి. పైలట్, లవ్స్ లాంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే లారీల కాటా ఉంటుంది. నీళ్ళు, గ్యాస్, సామాను, మనుషులు అందరితో కలిపి ఎక్కించండి, ముందు ఆక్సిల్, వెనక ఆక్సిల్ విడివిడిగా వస్తాయి. అయితే వంటగది, ఫ్రిజ్ ఉన్న పక్క బరువెక్కువ ఉండొచ్చు. ఆర్‌వీ (మోటర్‌హోమ్ లాంటి బండ్లు) ఉన్నవాళ్ళు కలిసే ర్యాలీల్లో ఒక్కో చక్రం దగ్గర విడిగా తూచే వీలుంటే వదులుకోవద్దు. టైరు కంపెనీ ఇచ్చే లోడ్ పట్టికలో ఎక్కువ బరువున్న పక్కకి ఎంత గాలి రాసి ఉందో చూసి, ఆ ఆక్సిల్ మీద రెండు పక్కలా అంతే పట్టించాలి. తూకం లేకపోతే డ్రైవర్ సీటు దగ్గరి స్టిక్కర్ మీద రాసిందే పాటించండి.

గాలి ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మధ్యాహ్నం దారిలో ప్రెషర్ పెరిగిందని టెన్షన్ పడి గాలి తీసేయకండి. ఆ పెరుగుదల మామూలే. తీసేస్తే మర్నాడు పొద్దున్నకి తక్కువైపోతుంది.

వెనక జతలో ఒక టైరు పక్కదానికంటే త్వరగా అరుగుతోంది

లోపలి టైరుకి గాలి చూడటం కష్టం కాబట్టి దాన్ని వదిలేస్తారు. జతలోని రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. ఒకదానిలో గాలి తగ్గితే దాని చుట్టుకొలత తగ్గుతుంది, అది నేల మీద రాసుకుంటూ ఈడ్చుకుపోయి అరుగుతుంది. రెండోది దాని బరువు కూడా మోస్తూ వేడెక్కుతుంది. పాత టైరు పక్కన కొత్తది పెట్టినా ఇదే జరుగుతుంది. ఈ సైజు జతల్లో వ్యాసం తేడా పావు అంగుళం దాటకూడదు.

వాల్వ్‌కి గట్టి లోహపు ఎక్స్‌టెన్షన్ బిగించుకుంటే లోపలి టైరు అందుబాటులోకి వస్తుంది. టీపీఎంఎస్ (వాల్వ్‌కి బిగించే సెన్సర్లతో టైర్లలో గాలి ఎంతుందో డ్రైవర్‌కి చూపించే పరికరం) కూడా తప్పకుండా పెట్టించుకోండి. అమెరికా చట్టం దాన్ని 10,000 పౌండ్లలోపు బండ్లకే తప్పనిసరి చేసింది, వెనక జత చక్రాలున్నవాటిని అందులోనూ మినహాయించింది. కనుక మీ బండితో అది వచ్చి ఉండకపోవచ్చు. సెన్సర్ బరువుకి రబ్బరు వాల్వ్ ఊగి పగులుతుంది, లోహపు వాల్వ్ వేయించాకే బిగించండి.

ఒక హెచ్చరిక. ప్రెషర్ ఉండాల్సిన దానిలో 80 శాతం కంటే కిందికి పడిపోయి (80కి 64 అన్నమాట) ఆ టైరు మీదే కొంత దూరం నడిచి ఉంటే, మీరే గాలి పట్టించకండి. లోపలి తీగలు దెబ్బతిని ఉంటే గాలి నింపేటప్పుడే సైడ్‌వాల్ జిప్పులా చీలి పేలుతుంది, పక్కనున్న మనిషి ప్రాణం పోవచ్చు. టైరు విప్పి లోపల చూశాక, రక్షణ బోనులో పెట్టి నింపడం ట్రక్ టైరు షాపు పని. దాని జోడీ టైరును కూడా చూడమనండి.

మిగతా లక్షణాలు

మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువ, తూకం చూసి తగ్గించండి. ఒక అంచే అరిగితే, లేదా చేత్తో అడ్డంగా రాస్తే ఒక దిశలో నున్నగా, తిరుగు దిశలో గరుకుగా తగిలితే ఎలైన్‌మెంట్. సామాను నింపిన బండితోనే చేయించండి, ఖాళీ బండికి చేసిన ఎలైన్‌మెంట్ బరువెక్కాక నిలవదు. అక్కడక్కడా గుంటలు పడుతుంటే షాక్ అబ్జార్బర్లు పోయి ఉంటాయి, లేదా బ్యాలెన్స్ తప్పింది. పొద్దున బయల్దేరగానే దడదడమని కొన్ని మైళ్ళకి తగ్గిపోతే, ఆగి ఉన్నచోట టైరు కాస్త చదునైందంతే, భయం లేదు. తగ్గకపోతే చూపించాలి. పక్కన ఉబ్బు కనిపిస్తే ఇక ఆ టైరు మీద ఒక్క మైలు కూడా వెళ్ళొద్దు.

మార్చాల్సి వచ్చినప్పుడు

ట్రెడ్ లోతు ముందు టైర్లకి 4/32 అంగుళాలు, వెనకవాటికి 2/32 మిగిలాయంటే మార్చేయాలి. ట్రక్కులకి పెట్టిన ఈ నిబంధన మనకీ మంచి గీత. క్వార్టర్ నాణెం తలకిందులుగా గాడిలో పెట్టినప్పుడు వాషింగ్టన్ తల పైభాగం మొత్తం కనిపిస్తే ట్రెడ్ 4/32 లోపే ఉంది.

సైజు ఒక్కటే చూసి కొనకండి. లోడ్ రేంజ్ అక్షరం పాతదానికంటే తగ్గకూడదు. వేగం పరిమితి కూడా చూడాలి. పశ్చిమ టెక్సస్‌లో ఐ-10 మీద 80 మైళ్ళ దాకా అనుమతి ఉంటుంది, కానీ పెద్ద క్లాస్ ఏ (బస్సు లాంటి) బండ్లకి వేసే 22.5 అంగుళాల టైర్లలో చాలావాటి పరిమితి 75. ముందు రెండూ కలిపే మార్చండి. బిగించకముందే డీఓటీ తేదీ చూపించమనండి. ఏళ్ళ తరబడి గోడౌన్‌లో పడున్న టైరు కొత్త ధరకి తీసుకోవాల్సిన అవసరం లేదు, తాజాది తెప్పించమని అడిగే హక్కు మీకుంది. వాల్వులు అప్పుడే మార్పించేయండి.

షాపు నుంచి బయల్దేరాక 50 నుంచి 100 మైళ్ళ లోపు ఒకసారి ఆగి, చక్రం నట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ సరిచూడండి. ఎంత బిగించాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది.