సైటేషన్ల లెక్క, 4వ పాఠం: ఉదహరించింది గురజాడనేనా?

పోయిన పాఠంలో, పరిశోధన రచనలను వెతికే గూగుల్ స్కాలర్‌లో గురజాడ పేరు వెతికి లెక్క పంపమన్నాను. చాలామంది పేజీ పైన "సుమారు ఇన్ని ఫలితాలు" అని కనిపించే అంకెనే పంపారు. అది సైటేషన్ల సంఖ్య కాదు, అంటే ఎన్ని రచనలు ఆయన్ని ఉదహరించాయో చెప్పే లెక్క కాదు, ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. అది ఒక అంచనా, పైగా స్కాలర్ వెయ్యికి మించి ఫలితాలు చూపించదు. ఆ అంకె కొట్టేయండి.

ఇంకో ఇబ్బంది, కొందరి షీట్లలో ఇంజినీరింగ్ పేపర్లు చేరాయి. విజయనగరం జేఎన్‌టీయూ పేరులో 2022 నుంచి గురజాడ ఉంది కదా, అక్కడి అధ్యాపకుల చిరునామాలో ఆ మాట పడుతుంది. అందుకే పేరు ఒక్కటే వెతక్కుండా పక్కన కన్యాశుల్కం కూడా చేర్చండి. ఇంగ్లీషులో గురజాడను జేతో, జడ్‌తో, అప్పారావును కలిపి, విడదీసి... ఈ స్పెల్లింగులన్నీ మీరే వేసుకోగలరు.

ఇప్పుడు అసలు చిక్కు. ఎన్ని థీసిస్‌లలో చూశానో, దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. కన్యాశుల్కానికి వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం 2007లో వచ్చింది. నాటకం అయ్యాక చివర ఆయన రాసిన పెద్ద వ్యాసం ఉంది. ఒకరి ఫుట్‌నోట్‌లో "అప్పారావు, 2007" అని ఉందనుకోండి, వెంటనే గురజాడ ఖాతాలో వేసేయకండి. పేజీ నంబరు చూడండి. అది చివరి వ్యాసంలోని పేజీ అయితే ఆ పరిశోధకుడు తీసుకున్నది వెల్చేరు వాదన, గిరీశం మాట కాదు. అలాగే 1897 నాటి మొదటి కూర్పుకు గురజాడే రాసిన ఇంగ్లీషు పీఠిక ఉంది. చరిత్రకారులు ఆడపిల్లల అమ్మకం గురించి రాసేటప్పుడు ఆ పీఠికను సాక్ష్యంగా తీసుకుంటారు, నాటకం జోలికే పోరు. అదీ గురజాడ ప్రభావమే, కానీ నాటకకర్తగా కాదు. నాటకం గురించే మాట్లాడేవాళ్లలో కూడా 1897 కూర్పా, బాగా మార్చి రాసిన 1909 కూర్పా అన్నది విడిగా రాసుకోవాలి. పుస్తకం పేరు ఒకటే, లోపల మాత్రం ఇన్ని వేరు వేరు సంగతులు. సాఫ్ట్‌వేర్ వీటిని ఒకే కుప్పగా పోస్తుంది, విడదీయాల్సింది మనమే.

హెచ్-ఇండెక్స్ వాడొచ్చా అని అడిగారు. నేను వాడను. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త సైంటిస్టుల కోసం చేసిన కొలత అది. ఇండెక్స్ 10 అంటే, ఆ మనిషి రచనల్లో పదింటికి ఒక్కోదానికి కనీసం పది సైటేషన్లు ఉన్నాయని. ఒకే పుస్తకాన్ని రెండు వేలమంది ఉదహరించినా అది 1 దాటదు. ఒక్క నాటకంతో నిలిచిన రచయితకు దాంతో అన్యాయం జరుగుతుంది.

1924లో మొదలైన భారతి లాంటి పత్రికల్లోని విమర్శ ఈ లెక్కలో దాదాపు కనిపించదు. దాని పని వచ్చే పాఠంలో.

అభ్యాసం: అనువాదాన్ని ఉదహరించిన 30 రచనలు తెరవండి. ప్రతిదానిలో ఆ వాక్యాన్ని చేత్తో నోటుబుక్కులో ఎక్కించి, పక్కన నాటకం, పీఠిక, వ్యాసం, ఉత్త పేరు, ఈ నాలుగిట్లో ఒకటి రాయండి. పేజీ నంబరు లేకపోతే ఆ పేరా మొత్తం చదవాలి. అవే 30ని మీ స్నేహితుడికి కూడా ఇవ్వండి, మీ గుర్తులు చూపించకుండా. ఐదుకు మించి తేడా వస్తే ఇద్దరూ మొదటి నుంచి చేయండి.