మామిడి చెట్టు కొట్టించాలా, కొమ్మలు తీయిస్తే చాలా?

బరంపురంలో మా పెరటి మామిడి కొమ్మ డాబా మీదికి పాకి రేకుల్ని రాసేసేది. 2013లో పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తొస్తే ఇంకా టెన్షనే. "మొదలంటా కొట్టించెయ్‌రా" అన్నాడు మావయ్య. "మరి ఆవకాయకి కాయ?" అంది అమ్మ.

ముందు చెట్టుని పరీక్షగా చూశాను. కాండం మీద సుత్తితో తడితే డొల్ల శబ్దం రాలేదు. చెట్టు మొదలు దగ్గర మట్టి పగల్లేదు, పుట్టగొడుగులు లేవు. ఇవి కనిపించి ఉంటే అమ్మ మాట కూడా వినేవాణ్ణి కాదు.

కాయలు దిగాక, జూన్‌లో పని పెట్టించాను. కరెంటు తీగ వైపు కొమ్మలు కోసేటప్పుడు లైన్‌మన్‌తో కరెంటు ఆపించాం. మొదటి కొమ్మని పైనుంచి ఒకే కోత కోశాం. సగంలో విరిగి, కాండం బెరడు జానెడు చీలిపోయింది. తర్వాతి వాటికి కాండానికి అడుగు దూరంలో కిందనుంచి గాటు, దానికి కాస్త అవతల పైనుంచి కోత. మిగిలిన మోడుని కాండం దగ్గరి ఉబ్బు వదిలి కోశాం. గాయం పూడేది ఆ ఉబ్బులోంచే. గుబురులో పావు వంతుకి మించి తీయలేదు.

మరుసటి ఏడు పూత పల్చగా వచ్చింది. ఆవకాయకి సగం కాయ కొన్నాం.