జాంబియా సౌత్ లువాంగ్వా నేషనల్ పార్కులో నడక సఫారీ: బయల్దేరే ముందు జాగ్రత్తలు

మలేరియా మాత్రల గురించి ముందే డాక్టర్‌ని అడగండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రాస్తే ప్రయాణానికి 1–2 రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఇంకో 7 రోజులు వాడాలి. ఇంటికొచ్చేశాం కదా అని ఆపేయకండి.

బట్టలు ఖాకీ లేదా మట్టిరంగువి. ముదురు నీలం, నలుపు వద్దు, కుట్టే సెట్సీ ఈగలు వాటిమీదే వాలతాయి. బూట్లు కాలికి అలవాటైనవే.

నడిచేటప్పుడు తుపాకీ పట్టిన స్కౌట్ (పార్కు రక్షకుడు) ముందు, ఆయన వెనక గైడ్, ఆ తర్వాత మీరు, ఒకే వరుసలో.

అన్నిటికన్నా ముఖ్యం: నీటిగుర్రానికీ నదికీ మధ్యలోకి వెళ్లకండి. బెదిరితే అది నీళ్లవైపే దూసుకెళ్తుంది, దారిలో ఎవరున్నా ఆగదు. సింహం ఎదురైతే మాత్రం పరుగెత్తొద్దు, పరుగు చూస్తే వెంటపడుతుంది. కదలకుండా నిలబడి గైడ్ చెప్పినట్టే చేయండి.