వేకువ దీపం వెలుగుతున్నా మంచం దిగలేకపోతున్నారా?

సమస్య: సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అనే చలికాలపు కుంగుబాటు తగ్గుతుందని, తెల్లవారుతున్నట్టు మెల్లగా వెలుగు పెంచుతూ నిద్రలేపే వేకువ దీపం కొన్నారు. మూడు వారాలుగా అది రోజూ వేళకు వెలుగుతోంది. మీకు మాత్రం అదే మబ్బు, అదే నీరసం.

దీపాన్ని తిట్టే ముందు దిండు దగ్గర వెలుగు కొలవండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నూటికి తొంభై మంది చెయ్యరు! పెట్టె మీద రాసిన లక్స్ (వెలుగు కొలత) సంఖ్య చాలాసార్లు దీపానికి బాగా దగ్గరగా కొలిచినది. దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫోనులో లక్స్ కొలిచే యాప్ వేసుకుని, దీపాన్ని పూర్తి వెలుగులో ఉంచి, మీ ముఖం ఉండే చోట ఫోను తెరను దీపం వైపు తిప్పి చూడండి. కచ్చితంగా కాకపోయినా అందాజు తెలుస్తుంది. పేరున్న ప్రయోగాల్లో వెలుగు గంటన్నరలో మెల్లగా పెరిగి 250 లక్స్ దాకా చేరేది. మీకు 40 కనిపిస్తే దీపాన్ని దగ్గరికి జరపండి. ముసుగుతన్ని పడుకునేవారికి, గోడవైపు తిరిగి పడుకునేవారికి ఏ దీపమూ పనిచెయ్యదు. మూసిన రెప్పలు ఎలాగూ చాలా వెలుగును ఆపేస్తాయి, ఆపైన దుప్పటి కూడానా?

కొలత బాగానే ఉందా? అయితే వేళ చూడండి. నన్ను ఒక చలికాలమంతా ఏడిపించింది ఇదే. నాకు సహజంగా ఎనిమిదింటికి మెలకువ వచ్చేది. తెల్లవారుజామునే లేవాలన్న ఉబలాటంతో దీపాన్ని 4:30కి మొదలై అయిదింటికి పూర్తిగా వెలిగేలా పెట్టాను. వారం తిరిగేసరికి రాత్రి నిద్ర ఇంకా ఆలస్యమైంది, పొద్దున్న ఇంకా బరువెక్కింది. వెలుగు చాలలేదేమోనని ఇంకా పెంచాను. అదే పెద్ద పొరపాటు.

శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో బాగా పడిపోయే సమయం ఒకటుంటుంది. మామూలుగా సహజంగా మెలకువ వచ్చే వేళకు రెండు మూడు గంటల ముందు. ఆ తర్వాత పడే వెలుగు లోపలి గడియారాన్ని ముందుకు లాగుతుంది, అంటే నిద్రా మెలకువా త్వరగా వస్తాయి, మనకు కావలసింది అదే. అంతకు ముందు పడితే శరీరం దాన్ని సాయంత్రపు పొద్దుగా లెక్కగట్టి, గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. నా దీపం సరిగ్గా ఆ తప్పుడు గట్టునే వెలిగేది.

పరిష్కారానికి ఓపిక కావాలి. అలారం లేకుండా మూడు నాలుగు రోజులు ఏ వేళకు మెలకువ వస్తోందో రాసుకోండి. దీపం ఆ వేళకు పూర్తిగా వెలిగేలా పెట్టండి. తర్వాత రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుగా వెలిగేలా జరపండి. రాత్రి నిద్ర ఆలస్యమవుతుంటే ఒక మెట్టు వెనక్కి రండి. సెలవు రోజున దీపం ఆపి పదింటిదాకా పడుకుంటే మాత్రం వారమంతా చేసిన పని గంగపాలే.

ఇక కరెంటు పోయి దీపంలోని గడియారం తప్పడం, వెలుగు మెట్లుమెట్లుగా పెరగడం లాంటివి అరుదు. ఒకసారి చూసి వదిలెయ్యండి. మెలకువగా ఎదురుగా కూర్చుని వాడే 10,000 లక్స్ వెలుగు పెట్టె వేరే పరికరం, దాన్ని మంచం పక్కన పెట్టుకోకండి.

బైపోలార్ సమస్య, రెటీనా జబ్బు ఉన్నవారు, కాంతిని తట్టుకోలేకుండా చేసే మందులు వాడేవారు ముందు వైద్యుణ్ని అడగాలి. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే దీపం సంగతి పక్కన పెట్టి, ఈరోజే వైద్యుణ్ని కలవండి.