ఇంటి అప్పులు తీర్చడం ఎలా? ముందు ఏది, తర్వాత ఏది

అప్పులున్న ఇంట్లో ముందుగా డబ్బు అందేది ఎవరికి? గుమ్మం దగ్గరికొచ్చి గట్టిగా అడిగేవాళ్లకి. ఎక్కువ వడ్డీ లాగే అప్పు చాలాసార్లు నోరెత్తదు. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టేస్తే నెలంతా ఎవరూ ఫోన్ చేయరు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఈ వరుస మార్చాలి: ఎక్కువ వడ్డీది ముందు తీరాలి.

1. పట్టీ రాయండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయాలి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు తెచ్చినవి కూడా ఆరోజే బయటపెట్టేయండి, కోపాలు తర్వాత చూసుకోవచ్చు. డ్వాక్రా వాయిదా, బండి ఫైనాన్స్, బ్యాంకులో బంగారం, నోటు రాసి తెచ్చినవి, చేబదుళ్లు, కిరాణా ఖాతా అన్నీ రాయండి. పాడేసుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు కూడా అప్పే. ఒక్కోదాని ఎదురుగా అసలెంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలో వేయండి.

2. అన్నిటినీ నూటికి నెలకు ఎన్ని రూపాయలో లెక్కగట్టండి

ఏడాదికి 12 శాతం అంటే రూపాయి వడ్డీ. బ్యాంకులో 9 శాతానికి పెట్టిన బంగారం ముప్పావలా వడ్డీ. 42 శాతం వేసే కార్డు మూడున్నర రూపాయల వడ్డీ! నూటికి మూడంటే అమ్మో అనేవాళ్లే ఈ కార్డు జోలికి మాత్రం ధైర్యంగా వెళ్తారు.

రెండు చోట్ల లెక్క మోసం చేస్తుంది. బండి అప్పు 12 శాతం ఫ్లాట్ అంటే, మీరు అసలు తీరుస్తున్నా మొదటి రోజు అసలు మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. మూడేళ్ల అప్పుకి నిజంగా పడేది దాదాపు 21 శాతం. డైలీ ఫైనాన్స్ ఇంకా ఘోరం. పదివేలకి 9,000 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటే, అది ఆరు రూపాయల వడ్డీ పైమాటే.

3. నెల లెక్క

నెలకు 35,000 వచ్చే ఇల్లు ఒకటి అనుకుందాం. అద్దె, సరుకులు, పిల్లల బడి, కరెంటు, గ్యాస్, పెట్రోలు, మందులు కలిపి 26,500. మిగిలేది 8,500. అందులో వెయ్యి అనుకోని ఖర్చుకి పక్కన పెట్టండి. ఆ వెయ్యి లేకపోతే ఒక్క జ్వరానికే మళ్లీ చేబదులుకి పోవాల్సి వస్తుంది. ఇక అప్పులకి 7,500.

ఈ ఇంటికి మూడున్నర రూపాయల వడ్డీ పడే కార్డు మీద 30,000, మూడు రూపాయల వడ్డీకి నోటు మీద 80,000 ఉన్నాయి. నోటుకి వడ్డీ 2,400 మాత్రం కట్టి, మిగిలిన 5,100 కార్డుకి వేస్తే, వడ్డీ మీద పడే జీఎస్టీతో కలిపి కూడా అది ఏడు నెలల్లో పోతుంది. తర్వాత మొత్తం 7,500 నోటుకి మళ్లిస్తే ఇంకో 13 నెలలు. మొత్తం 20 నెలలు.

ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో 9 శాతానికి 1,10,000 తీసుకుని రెండూ ఒకేసారి తీర్చండి. అదే 7,500 నెలనెలా బ్యాంకుకి కడితే 16 నెలల్లో తేలిపోతుంది, 30 వేలకు పైగా మిగులుతుంది. తాకట్టు పెడితే పరువు పోతుందని గాజులు బీరువాలో దాచి, బయట మూడు రూపాయల వడ్డీ కట్టే ఇళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కాకపోతే ఒక్క షరతు: బ్యాంకు నుంచి డబ్బు ఇంటికి రాకూడదు, నేరుగా అప్పిచ్చినవాళ్ల దగ్గరికే పోవాలి. కార్డు మళ్లీ గీకకూడదు.

వడ్డీ లేని చేబదులు ఇచ్చిన చుట్టాలకు మొహం చాటేయకండి. ఫలానా నెల నుంచి ఇంత చొప్పున ఇస్తామని ముందే చెప్పేయండి.

4. ఎక్కడ తగ్గించాలి

పాలు, గుడ్లు, బీపీ మాత్రల జోలికి వెళ్లొద్దు. రేషన్ బియ్యం వదులుకోవద్దు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురుంటే 24 కిలోలు, అంటే ఇంచుమించు ఒక బస్తా కొనే పని తప్పినట్టే. చిల్లర ఖర్చంతా ఫోన్‌పేలో పోతుంటే, వారానికింత అని నగదు తీసి అదే వాడండి. పెళ్లిళ్ల చదివింపులకి ఏడాదికింత అని ముందే గీత గీసుకోండి. పాత ఫ్యాను పాడైతే తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం కొనండి. 75 వాట్ల చోట 30 వాట్లే లాగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగినా నెలకు 16 యూనిట్లు ఆదా. బాగున్న ఫ్యాను మార్చడానికి మాత్రం వాయిదాల్లో కొనకండి.

5. కట్టినప్పుడల్లా కాగితం

నోటు అప్పులో అసలుకి కొంత కట్టినా, ఆ రోజే నోటు వెనక చెల్లు రాయించి ఫొటో తీసుకోండి. మొత్తం తీరిన రోజు నోటు, ఖాళీ చెక్కులు చేతిలో పడకుండా కదలొద్దు. బండి అప్పైతే ఫైనాన్స్ వాళ్ల దగ్గర బాకీ లేదనే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో వాళ్ల పేరు తీసేయడానికి సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో ఇవ్వండి. లేకపోతే ఆర్‌సీలో వాళ్ల పేరు అలాగే ఉండిపోయి, బండి అమ్మేటప్పుడు తిప్పలు పడాల్సి వస్తుంది.