కయాక్ సీటు మార్చే ముందు జాగ్రత్తలు

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ)లో చేపల వేటకు ఎత్తు సీటు సుఖమే. కానీ గరిమనాభి (బరువు కేంద్రం) పైకి జరిగి పడవ త్వరగా ఒరుగుతుంది. ముందు పాత సీటుపై గట్టి ఫోమ్ దిమ్మె కట్టి, లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డు దగ్గర నడుము లోతు నీటిలో కూర్చుని రెండు వైపులా వంగి చూడండి. గాలం విసిరినట్టూ కదలండి. భయమేస్తే ఎత్తు తగ్గించాల్సిందే.

☐ పట్టీలతో పని జరిగితే డ్రిల్లు జోలికే వెళ్లవద్దు.

☐ తప్పదంటే, హాచ్ (పడవ పైభాగంలోని మూత) తెరిచి రంధ్రం అవతల ఏముందో తడిమి చూడండి. బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. లేకపోతే అడుగుకూ తూటు పడవచ్చు. నీటిమట్టానికి దిగువన రంధ్రం వద్దు.

☐ చాలా కయాక్‌ల ప్లాస్టిక్ అయిన పాలిథిలిన్‌కు మామూలు సిలికాన్ సీలెంట్ సరిగా అంటుకోదు. బ్యూటైల్ టేపు (నీరు చొరకుండా అంటించే జిగురు రబ్బరు పట్టీ), వెడల్పాటి వాషర్లు, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు సిద్ధం చేసుకోండి.

☐ కొత్త సీటు బరువూ పడవ మోయగల బరువులో భాగమే.